పేట కట్టిన గుడి – పట్టా ఎవరి పేరు మీద?

తెలుగు దళిత క్రైస్తవుల మీద వచ్చిన రాతల్లో రెండు ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ కనబడతాయి. వీళ్ళు మతం ఎందుకు మారారు అనేది ఒకటి. మారినాక కులం పోయిందా లేదా అనేది రెండోది. మిషనరీల జ్ఞాపకాల నుంచి యూనివర్సిటీ థీసిస్‌ల దాకా, శతవార్షికోత్సవ సంచికల నుంచి కోర్టు తీర్పుల దాకా చర్చంతా ఈ రెండింటి చుట్టూనే తిరిగింది. ఎవరూ గట్టిగా అడగని మూడో ప్రశ్న ఒకటుంది. మాలపల్లెలోనో మాదిగ గూడెంలోనో నిలబడి ఉన్న ఆ గుడి ఎవరిది? భక్తి లెక్కన కాదు, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు లెక్కన ఎవరిది?

ఈ ప్రశ్న వేస్తే మనవాళ్ళే కొందరు నొచ్చుకుంటారు. "దేవుని మందిరం దేవునిది, ఇందులో పట్టా మాటెందుకు?" అంటారు. కానీ దేవుని పేరు మీద చర్చికి పట్టా ఇచ్చే చట్టం ఈ దేశంలో లేదు. హిందూ దేవాలయంలో విగ్రహాన్ని చట్టం ఒక వ్యక్తిగా గుర్తిస్తుంది. దేవుడే దావా వేయగలడు, ఆయన మాన్యం ఆయనదే. మసీదుకి వక్ఫ్ ఉంది. చర్చికి అలాంటిదేదీ లేదు. ఒక కంపెనీయో, ఒక సొసైటీయో, ఒక ట్రస్టో, ఒక మనిషో కాగితం మీద ఉండాలి. ఆదివారం ఆరాధనకొచ్చే రెండొందల మంది, వాళ్ళంతట వాళ్ళుగా, చట్టం దృష్టిలో ఒక వ్యక్తి కారు. ఆ రెండొందల మంది స్థానాన్ని మన పుస్తకాలూ, సంఘ రాజ్యాంగాలూ, తీర్పులూ ఎట్లా రాశాయో చూడటం ఈ వ్యాసం పని.

చరిత్రలో కూలి, దస్తావేజులో దొర

ఒంగోలు కథ అందరికీ తెలిసిందే. 1866లో జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ మనిషి చుట్టూ మొదలైన కదలిక, 1876-78 కరువు తర్వాత ప్రవాహమైంది. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువులో క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు పట్టి వేలమందికి పని చూపించాడు. ఇదంతా ఆయన జీవితకథగా 1914లో వచ్చిన 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్' లో ఉంది. పేరయ్య కూడా ఉన్నాడు, మాదిగ పెద్దలు ఉన్నారు, ఊరూరూ తిరిగిన బోధకులు ఉన్నారు. ఆ విషయంలో ఆ పుస్తకం తర్వాత వచ్చిన చాలా సావనీర్ల కంటే నిజాయితీగలది.

కానీ మిషన్ చరిత్ర అనే ఆ సాహిత్యం మొత్తంలో పల్లె గుడి ఎట్లా లేచిందో చదవండి. వాక్యం ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది. ఫలానా దొరగారు ఫలానా ఊళ్ళో గుడి కట్టించారు. మట్టి తొక్కినవాళ్ళు, తాటాకు మోసినవాళ్ళు, వాసాలు తెచ్చినవాళ్ళు ఆ క్రియాపదంలో కలిసిపోతారు. తెలుగులో 'కట్టారు', 'కట్టించారు' అనే రెండు మాటల మధ్య ఉన్న దూరమే ఇక్కడ వర్గం, కులం, యాజమాన్యం. కట్టించినవాడి పేరు దస్తావేజులోకి పోయింది. కట్టినవాళ్ళు పిడికెడు బియ్యం కింద, కోత పండుగ కానుక కింద మిగిలారు.

ఇందులో మిషనరీల కుట్ర వెతకడం సరికాదు. ఆనాటి పల్లెలో కరణం, మునసబు, భూస్వామి ముగ్గురూ ఒక పక్కన ఉన్నప్పుడు, మాదిగవాడి పేరు మీద పది సెంట్ల స్థలం రాయించుకోవడం మామూలు మాట కాదు. రాయించుకున్నా నిలబెట్టుకోవడం ఇంకా కష్టం. తెల్లదొర పేరు మీద ఉంటే భూస్వామి జంకేవాడు. మిషన్ పేరు ఆ రోజున ఒక కంచె. నా అభ్యంతరం కంచె వేసినందుకు కాదు. దొరలు వెళ్ళిపోయినాక ఆ కంచె ఎవరి చేతికొచ్చింది, లోపలున్నవాళ్ళకి అందులో వాకిలి పెట్టారా లేదా అనేదే ప్రశ్న.

1947లో రెండు బదిలీలు

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం, మనం సి.ఎస్.ఐ. అని పిలిచేది, ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటీరియన్-కాంగ్రిగేషనల్ పాయలు కలిసిన దక్షిణ ఇండియా ఐక్య సంఘం, ఈ మూడూ ఏకమైన సందర్భం. తెలుగు నేల మీద దోర్నకల్, మెదక్, కృష్ణా, రాయలసీమ ప్రాంతాల సంఘాలు ఇందులోకొచ్చాయి. బాప్టిస్టులు, లూథరన్లు బయటే ఉన్నారు. ఐక్యత గురించి వేల పేజీలు రాశారు. బిషప్పు పదవి ఎట్లా ఉండాలి, ప్రభు భోజనం ఎవరివ్వాలి, అభిషేకం ఎవరిది చెల్లుతుంది అని దశాబ్దాలు చర్చించారు.

ఆ ఐక్యతకి ఒక్కరోజు ముందు, సెప్టెంబరు 26న, సి.ఎస్.ఐ. ట్రస్ట్ అసోసియేషన్ అనే సంస్థ 1913 నాటి కంపెనీల చట్టం కింద రిజిస్టరయింది. లాభం కోసం కాని కంపెనీ అన్నమాట. సి.ఎస్.ఐ. తనంతట తాను రిజిస్టరైన సంస్థ కాదు గనక, ఆస్తులు పెట్టుకోడానికి ఈ కంపెనీని పుట్టించారు. మిషన్ సొసైటీల పేరు మీదున్న బళ్ళు, ఆసుపత్రులు, కాంపౌండ్లు, గుళ్ళు కాలక్రమంలో దీని పేరు మీదకి వచ్చాయి. డయోసిస్‌లో బిషప్పు, కోశాధికారి వంటివాళ్ళు ఈ కంపెనీ ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీ మీద వాటిని చూసుకుంటారు.

అంటే ఆ సంవత్సరం మనకి రెండు అధికార మార్పిడులు జరిగాయి. ఒకటి దేశానికి. దాని గురించి 'ఎవరికొచ్చింది స్వాతంత్ర్యం' అని మనం అడిగాం, ఇంకా అడుగుతున్నాం. రెండోది గుడికి. దాని గురించి అడగలేదు. పల్లె సంఘం ఆ కంపెనీలో సభ్యురాలు కాదు. దాని ఆస్తి అక్కడుంది, దాని మాట అక్కడ లేదు. పల్లె మాట పాస్టరేటుకి పోవాలి, పాస్టరేటు నుంచి డయోసిస్ కౌన్సిల్‌కి, అక్కడి నుంచి సినడ్‌కి. మెట్టు మెట్టుకీ మాట పల్చనవుతుంది. పట్టా మాత్రం ఒక్క మెట్టులో పైకెళ్ళి కూర్చుంది.

ఇందులో ఇంకో విశేషం ఉంది. కడప ప్రాంతంలో పనిచేసిన లండన్ మిషన్‌వాళ్ళు కాంగ్రిగేషనల్ సంప్రదాయంవాళ్ళు. స్థానిక సంఘమే సర్వాధికారి అన్నది వాళ్ళ మూల సిద్ధాంతం. ఆ సిద్ధాంతం 1908లో ఐక్య సంఘం ద్వారా, 1947లో సి.ఎస్.ఐ. ద్వారా పెద్ద ప్రవాహంలో కలిసింది. వేదాంత చర్చల్లో బిషప్పు వ్యవస్థకీ కాంగ్రిగేషనల్ స్వేచ్ఛకీ రాజీ కుదిరిందని చెప్తారు. ఆస్తి దగ్గర అలాంటి రాజీ నాకు కనబడలేదు. అక్కడ కేంద్రం గెలిచింది. బయట ఉండిపోయిన బాప్టిస్టుల పరిస్థితి కూడా దీనికి భిన్నమేమీ కాదు. ప్రతి సంఘం స్వతంత్రమని బోధించిన మిషన్, స్థలాలు మాత్రం సొసైటీ పేరు మీద పెట్టింది. బోధకీ దస్తావేజుకీ పొత్తు లేకపోవడం ఏ ఒక్క శాఖకో పరిమితమైన జబ్బు కాదు.

కతోలిక సంఘంలో పరిస్థితి ఇంకా విచిత్రం. 1983 నాటి వాళ్ళ సంఘ చట్టం ప్రకారం సక్రమంగా ఏర్పడిన ప్రతి పారిష్‌కీ తనదైన చట్టపరమైన వ్యక్తిత్వం ఉంది. ఆస్తి సంపాదించిన సంస్థదే ఆస్తి అని కూడా అదే చట్టం అంటుంది. వినడానికి బాగుంది. కానీ పారిష్ తరఫున మాట్లాడేది విచారణ గురువు, ఆయన్ని వేసేది పీఠాధిపతి. పారిష్‌లో ఆర్థిక మండలి ఉండి తీరాలి, దాని పని సలహా చెప్పడం. దేశ చట్టం దగ్గరకొచ్చేసరికి ఆస్తి సాధారణంగా డయోసిస్ పేరు మీదో బిషప్పు పేరు మీదో ఉంటుంది. 2022లో హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంథోనీ కార్డినల్ అయ్యారు. దళితుల నుంచి వచ్చిన మొట్టమొదటి కార్డినల్. అది మనకి గర్వమే, చిన్న విషయం కాదు. కానీ మనిషి మారితే పారిష్ హక్కు దానంతటదే మారదు.

రెండు తీర్పులు, రెండు పాఠాలు

సుప్రీం కోర్టు ఈ మధ్య కాలంలో ఇచ్చిన రెండు తీర్పులు మన చర్చకి నేరుగా పనికొస్తాయి.

మొదటిది 2013 నాటిది. గుజరాత్‌లో చర్చ్ ఆఫ్ ది బ్రెద్రెన్ అనే శాఖకి సొసైటీగా, పబ్లిక్ ట్రస్టుగా రిజిస్టరైన సంస్థ ఉండేది. 1970లో ఉత్తర ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఇది కూడా అందులో విలీనమైందని తీర్మానాలు చేశారు. కొందరు సభ్యులు ఒప్పుకోలేదు. వ్యాజ్యం దశాబ్దాలు నడిచింది. చివరికి సుప్రీం కోర్టు చెప్పింది ఏమిటంటే, తీర్మానం చేసినంత మాత్రాన రిజిస్టరైన సొసైటీ రద్దు కాదు, ట్రస్టు ఆస్తి ఇంకొకరికి పోదు, చట్టంలో ఉన్న పద్ధతి పాటించాలి. విలీనం విశ్వాస విషయం కావచ్చు, ఆస్తి బదిలీ చట్ట విషయం.

రెండోది 2017 జులై 3న మలంకర సంఘం వివాదంలో వచ్చింది. వెయ్యికి పైగా పారిష్ చర్చీలన్నిటికీ 1934 నాటి సంఘ రాజ్యాంగమే వర్తిస్తుందని, ఏ పారిష్ కూడా తన సొంత రాజ్యాంగం రాసుకొని విడిపోలేదని, పారిష్‌లో ఎక్కువమంది ఎటున్నారు అనేదాన్ని బట్టి ఆస్తి మారదని కోర్టు తేల్చింది. మనుషులు సంఘం విడిచి పోవచ్చు, గుడిని వెంట తీసుకుపోలేరు. దీని ఫలితంగా చాలాచోట్ల తరతరాలుగా ఆ గుడికెళ్ళినవాళ్ళు బయట నిలబడ్డారు. శవాల్ని పూడ్చడం దగ్గర కూడా గొడవలైతే కేరళ ప్రభుత్వం 2020లో సమాధి హక్కు కోసం విడిగా చట్టం చేయాల్సి వచ్చింది.

పైకి చూస్తే ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు. ఒకచోట చిన్న సంస్థ గెలిచింది, ఒకచోట పెద్ద సంస్థ గెలిచింది. జాగ్రత్తగా చదివితే సూత్రం ఒకటే. కోర్టు కాగితాన్ని చూసింది. గుజరాత్‌లో చిన్న సంస్థకి కాగితం ఉంది. మలంకరలో పెద్ద సంస్థకి ఉంది. ఎవరు కట్టారు, ఎవరు నడిపారు, ఎవరి తాతముత్తాతలు ఆ నేలలో ఉన్నారు అనేవి తీర్పులో కథనం కింద వస్తాయి, నిర్ణయం కింద రావు. శ్రమని సాక్ష్యంగా తీసుకోవడం మన న్యాయశాస్త్రానికి ఇంకా అలవాటు కాలేదు.

మలంకర వివాదంలో రెండు పక్షాలూ భూమి, చదువు, పలుకుబడి ఉన్న సిరియన్ క్రైస్తవులే. వాళ్ళకే గుడి తలుపు మూసుకుపోతే, ఏ కాగితమూ లేని మాదిగపల్లె సంఘం రేపు ఏదో విషయంలో డయోసిస్‌తో విభేదిస్తే దాని గతేమిటి? దాన్ని కాపాడే కాగితం ఏది?

కాగితం మీద సంతకం ఎవరు పెడతారు?

ఇక్కడే దళిత క్రైస్తవుల ప్రశ్న మిగతా క్రైస్తవుల ప్రశ్న నుంచి విడిపోతుంది. ఇంతవరకు చూసిందంతా ఏ క్రైస్తవ సంఘానికైనా వర్తించేదే. ఇకముందు చూసేది మనది మాత్రమే.

"అట్లయితే పల్లె సంఘమే తన పేరు మీద రిజిస్టరు చేసుకోవచ్చు గదా" అని చదువుకున్నవాళ్ళు అంటారు. నిజమే, 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు కలిస్తే చాలు. కానీ ఆ ఏడుగురూ క్రైస్తవ సంఘ పెద్దలుగా పేరు, తండ్రి పేరు, ఊరు రాసి సంతకం పెట్టాలి. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధం తప్ప వేరే మతం పాటించేవాడు షెడ్యూల్డు కులస్థుడు కాడు. రాష్ట్రం లెక్కలో అతను బి.సి.-సి. పిల్లవాడి ఉద్యోగం, పంచాయతీలో రిజర్వుడు వార్డు, ఇలాంటివన్నీ ఆ ఒక్క సర్టిఫికెట్టుకి వేలాడుతున్నాయి. అత్యాచారాల నిరోధక చట్టం కూడా అంతే. పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తికి ఆ చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. ఇక ఏ సంఘ పెద్ద ముందుకొచ్చి సంతకం పెడతాడు?

కాబట్టి 1950 ఉత్తర్వు మన నుంచి రిజర్వేషన్ ఒక్కటే తీసుకుపోలేదు. మన గుడి మీద హక్కు రాసుకునే చేతిని కూడా కట్టేసింది. దళిత క్రైస్తవుల రిజర్వేషన్ ఉద్యమం ఈ మాటని ఇంతవరకు చెప్పలేదు. ఉద్యోగం, చదువు గురించే మాట్లాడింది. ఆస్తి గురించి కూడా మాట్లాడాలి. ఒక సమూహం తన పేరు తాను చెప్పుకోడానికి భయపడేటట్టు చేస్తే, దాని సొత్తు ఎప్పుడూ ఇంకొకరి పేరు మీదే ఉంటుంది.

భూమి తీరు చూసినా ఇదే ముడి. పల్లెల్లో చాలా గుళ్ళు గ్రామకంఠంలోనో, ఎవరో ఒకరి ఇంటి స్థలంలోనో, ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా స్థలంలోనో లేచాయి. 1977 నాటి అసైన్డు భూముల చట్టం ప్రకారం డి-పట్టా స్థలాన్ని సాధారణంగా అమ్మకూడదు, దానమివ్వకూడదు. పేదవాడి భూమి పెద్దోళ్ళ పాలు కాకుండా చేసిన మంచి చట్టమే అది. కానీ పట్టాదారు తన స్థలంలో సగం సంఘానికి ఇస్తే ఆ ఇవ్వడం చాలాసార్లు కాగితం మీద చెల్లదు. ఆయన పోయినాక కొడుకులు అడ్డం తిరిగితే సంఘానికి నిలబడే చోటు లేదు. పంచాయతీకి గిట్టకపోతే అక్రమ కట్టడం అంటుంది. ప్రతి ఎన్నికల ముందూ ఎవడో ఒకడు వచ్చి 'ఈ చర్చికి పర్మిషనుందా' అని అడిగే రోజులివి.

మనవాళ్ళ పాలనలో

ఒక మాట నిష్ఠూరమైనా చెప్పాలి. కతోలిక సంఘంలో అగ్రకుల ఆధిపత్యం గురించి మాట్లాడటం తేలిక. తమిళనాడులో ఎరైయూరు చూశాం. దళిత కతోలికులు తమకు వేరే పారిష్ కావాలని అడిగితే వన్నియ క్రైస్తవులు ఒప్పుకోలేదు. 2008 మార్చిలో అది దాడులు, పోలీసు కాల్పులు, రెండు ప్రాణాలు పోయేదాకా వెళ్ళింది. అక్కడ శత్రువు ఎవరో కనబడతాడు. తెలుగు ప్రొటెస్టెంటు సంఘాల్లో అట్లా కాదు. విశ్వాసుల్లో అత్యధికులు మాల మాదిగలే, నాయకత్వంలో ఉన్నవాళ్ళు కూడా చాలావరకు మనవాళ్ళే. అయినా పల్లె గుడి హక్కు అంగుళం కిందికి రాలేదు.

కారణం మనుషుల స్వభావంలో వెతికితే దొరకదు, ఏర్పాటులో ఉంది. పట్నం నడిబొడ్డున మిషన్ కాంపౌండ్లున్నాయి. వందేళ్ళ కింద ఊరి బయట పొలం, ఇవాళ బస్టాండు ఎదురుగా ఖరీదైన స్థలం. దాన్ని లీజుకిచ్చే సంతకం ఎవరి చేతిలో ఉంటుందో ఆ పదవికి ఎన్నిక జరిగిన ప్రతిసారీ కోర్టు మెట్లెక్కుతారు. అదే సంతకం మాల, మాదిగ అన్నదమ్ముల మధ్య కూడా చిచ్చు పెడుతుంది. పల్లె సంఘం ఓటు మాత్రం ఇస్తుంది. పల్లె గుడి పైకప్పు కురుస్తుంటే ఆ లీజు డబ్బులోంచి రేకు రాదు, మళ్ళీ ఆడవాళ్ళ పిడికెడు బియ్యమే దిక్కు. ఆ ఆడవాళ్ళు ఏ దస్తావేజులోనూ, ఏ కమిటీలోనూ పెద్దగా కనబడరు. గుడి యాజమాన్యం గురించి మాట్లాడేటప్పుడు దీన్ని పక్కన పెడితే మన విమర్శ సగమే.

దీనికి మందు అన్ని గుళ్ళనీ విడగొట్టి స్థానికంగా రాసెయ్యడమేనా? అంత సులువు కాదు. స్వతంత్ర సంఘాలు మన కళ్ళ ముందే ఉన్నాయి. స్థలం పాస్టరు పేరు మీదో ఆయన భార్య పేరు మీదో కొంటారు, విశ్వాసుల చందాలతో కడతారు, తర్వాత అది కొడుకుకి వారసత్వంగా పోతుంది. బిషప్పు చేతిలో ఉన్న పట్టాకీ పాస్టరు కుటుంబం చేతిలో ఉన్న పట్టాకీ పల్లెవాళ్ళ దృష్టిలో తేడా ఏమీ లేదు. పెద్ద సంస్థ పేరు మీద ఉంటే కనీసం ఊరి మోతుబరి ఆక్రమించకుండా ఆపగలదు, ఆపిన సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి 'స్థానికం' అనే మాటని మంత్రంలాగా జపించడం వల్ల లాభం లేదు. పేరు ఎవరిది అనేదాని కంటే, ఆ పేరు ఎవరికి జవాబుదారీ అనేది గట్టి ప్రశ్న.

సి.ఎస్.ఐ. కంపెనీ పేరులోనే 'ట్రస్ట్' అనే మాట ఉంది. ట్రస్టీ అంటే ఇంకొకరి కోసం పట్టుకున్నవాడు. ఎవరి కోసం? దక్షిణ ఇండియా సంఘం కోసం అంటే చాలదు. ఫలానా గుడి ఫలానా పల్లె సంఘం కోసం అని రాతలో ఉండాలి. కేరళలో 2009లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ అధ్యక్షతన ఉన్న న్యాయ సంస్కరణల కమిషన్, పారిష్ నుంచి రాష్ట్రం దాకా ఎన్నికైన ట్రస్టులు ఉండాలని ఒక ముసాయిదా బిల్లు పెట్టింది. సంఘాధిపతులు మతస్వేచ్ఛ పేరుతో వ్యతిరేకించారు, అది చట్టం కాలేదు. బొంబాయి పబ్లిక్ ట్రస్టుల చట్టం మాదిరిగా చర్చి ఆస్తుల్ని కూడా రిజిస్టరు చేయించి లెక్క అడిగే చట్టం తెలుగు రాష్ట్రాల్లో లేదు. మిగిలింది సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్. ఆసక్తి ఉన్న ఇద్దరు, కోర్టు అనుమతితో, పబ్లిక్ ట్రస్టు మీద దావా వేయొచ్చు. కూలికి పోయే ఇద్దరు జిల్లా కోర్టులో ఆ దావా ఎన్నేళ్ళు నడుపుతారు?

మైనారిటీల ఆస్తుల మీద ప్రభుత్వం చెయ్యి వేస్తే ఇవాళ్టి రోజుల్లో ఏమవుతుందో అనే భయం సరైనదే. ఆ భయం నాకూ ఉంది. కానీ ఆ భయాన్ని చూపించి లోపల లెక్క చెప్పకుండా ఉండటం కుదరదు. బయటివాడు రాకముందే మనం లోపల సరిచేసుకోవాలి. చట్టం కోసం ఆగకుండానే సంఘాలు చేయగలిగినవి ఉన్నాయి. ప్రతి డయోసిస్, ప్రతి కన్వెన్షన్ తన కింద ఉన్న పల్లె గుళ్ళ జాబితా, సర్వే నంబరు, ఎవరి పేరు మీదుందో తెలుగులో అచ్చువేసి ఆ పల్లె గోడకి అంటించాలి. ఆ గుడి ఆ సంఘం వాడకం కోసమే అని ట్రస్టు రాతలో చేర్చాలి. అమ్మకమైనా లీజైనా ఆ సంఘం సభలో, ఆడవాళ్ళు కూర్చున్న సభలో, ఒప్పుకోకుండా జరగకూడదు. దీనికి ప్రభుత్వం అక్కర్లేదు, సినడ్ తీర్మానం చాలు.

ప్రభుత్వం చేయాల్సింది వేరే ఉంది. 1950 ఉత్తర్వు మూడో పేరా తీసేయాలి. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో దళిత క్రైస్తవులకు ఎస్.సి. హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది. ఆ తీర్మానాన్ని అడిగేవాళ్ళు ఇకముందు ఉద్యోగాల మాటతో పాటు గుడి పట్టా మాట కూడా కలిపి అడగాలి.

చదువుకునే మిత్రులకు ఒక పని. మీ పల్లె గుడి ఏ సర్వే నంబరులో ఉందో, అడంగల్‌లో ఏమని రాసుందో, మొదటి గోడ పెట్టినప్పుడు ఎవరెవరు మట్టి తొక్కారో ముసలివాళ్ళు బతికుండగా రాసిపెట్టండి. కోర్టు ఇవాళ దాన్ని సాక్ష్యం కాదనొచ్చు. అయినా ఆ రాత లేకపోతే, పల్లె ఈ వాదన ఎప్పుడు ఎత్తినా చేతిలో ఏమీ లేకుండానే ఎత్తాల్సి వస్తుంది.